గుర్తుగా ఇచ్చిన కారు

ఆస్తి పంపకాల్లో ఆడపిల్లల వంతుకు వచ్చేవాటికి మా వైపు ఒక పేరుంది: గుర్తు. అన్నదమ్ములకు పొలం, స్థలం, ఇల్లు వస్తాయి. అక్కచెల్లెళ్ళకు అమ్మ గుర్తుగా ఇత్తడి బిందె, నాయనమ్మ గుర్తుగా భోషాణం, నాన్న గుర్తుగా చేతి గడియారం వస్తాయి. పొలానికి సర్వే నంబరు ఉంటుంది, నాలుగు వైపులా హద్దులుంటాయి, రిజిస్ట్రారు ఆఫీసులో ఒక పేజీ ఉంటుంది. గుర్తుకు ఇవేవీ ఉండవు. దాన్ని అమ్మితే తప్పు, పారేస్తే ఇంకా తప్పు. తుడుచుకుంటూ, దాచుకుంటూ, మన తర్వాత ఎవరికివ్వాలా అని దిగులుపడుతూ బతకాలి.

నాకు వచ్చిన గుర్తు కొంచెం పెద్దది. దానికి నాలుగు చక్రాలున్నాయి.

మంగళగిరిలో మా పాత ఇంటి వెనక రేకుల షెడ్డులో ముప్ఫై ఏళ్ళకు పైగా కదలకుండా ఉన్న స్టాండర్డ్ హెరాల్డు కారు అది. మా తాతయ్య 1965లో కొన్నాడు. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ 1959లో తెచ్చిన బండి. ఆకారం గీసినవాడు ఇటలీకి చెందిన మికెలోట్టి. మన దేశంలో 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు తయారుచేశారు. ఆ రోజుల్లో డబ్బున్న ఇంటి ముందు కనిపిస్తే అంబాసిడరో, ఫియట్టో, హెరాల్డో కనిపించాలి. హెరాల్డుకు రెండే తలుపులు. బానెట్టు మొత్తం మడ్‌గార్డులతో సహా ముందుకు ఒరుగుతుంది కాబట్టి మెకానిక్కు ముందు చక్రం మీద కూర్చుని తీరిగ్గా ఇంజను పని చేసుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, దీని ఛాసీ వేరు, బాడీ వేరు. టాపు కూడా బోల్టులతో బిగించిందే. ఇంగ్లండులో ఇదే బండిని గుడ్డ టాపుతో, మడిచిపెట్టుకునేలా కూడా అమ్మారు. ఆ బొమ్మ ఏ పత్రికలో చూశాడో గాని, కొన్న ఏడాదికే తాతయ్య విజయవాడ తీసుకుపోయి రేకు టాపు విప్పించి, ఇనప కమ్మీల మీద మడిచే గుడ్డ టాపు కుట్టించాడు. ఊళ్ళో అందరూ దాన్ని 'టాపు లేని కారు' అనేవాళ్ళు.

ఆ టాపుకు మా ఇంట్లో ఒక నియమం ఉండేది. ఎవరూ చెప్పగా నేను వినలేదు, చూసి తెలుసుకున్నదే. మగవాళ్ళు ఎక్కితే టాపు దించేవాళ్ళు. ఆడవాళ్ళు ఎక్కితే ఎత్తేవాళ్ళు. ఫాల్గుణ మాసంలో నరసింహస్వామి తిరునాళ్ళకు తాతయ్య, నాన్న, బాబాయిలు గాలికి కండువాలు ఎగురుతుంటే ఊరంతా చూసేలా పోయేవాళ్ళు. మధ్యాహ్నం అదే బండి తిరిగి వచ్చేది. డ్రైవరు కమ్మీలు పైకి లాగి, గుడ్డ బిగించి, పక్క అద్దాలు ఎత్తాక నాయనమ్మ, అమ్మ, మేనత్త, పిల్లలం ఎక్కేవాళ్ళం. కారణం అడిగితే ఎండ అనేవాళ్ళు, దుమ్ము అనేవాళ్ళు. ఎండ మగవాళ్ళ మీద పడదా అని అడిగే వయసు నాకప్పుడు రాలేదు.

2018లో నాన్న పోయాడు. అప్పటినుంచి పంపకాల మాట నానుతూనే ఉంది. మాకు నిడమర్రులో కొంత, ప్రత్తిపాడు వైపు నల్లరేగడిలో కొంత ఉండేది. నిడమర్రు పొలం 2015లో రాజధాని భూసమీకరణలోకి వెళ్ళింది. దానికి బదులు ప్లాట్ల కాగితాలు వచ్చాయి. 2019లో మూడు రాజధానులు అన్నప్పుడు ఆ కాగితాల ఊసు ఎవరూ ఎత్తలేదు. 2024లో ప్రభుత్వం మారి అమరావతి మాట మళ్ళీ మొదలయ్యాక అన్నయ్యకు అమెరికా నుంచి నా ఆరోగ్యం కనుక్కునే తీరిక దొరికింది. "చెల్లాయ్, కారు నీకే ఉంచాం. నాన్న గుర్తుగా నీ దగ్గరే ఉండాలి. నువ్వైతేనే బాగా చూసుకుంటావు" అన్నాడు. ఆ మాట వెనకే వాట్సాప్‌లో ఒక కాగితం వచ్చింది. హక్కు విడుదల దస్తావేజు. ప్రేమాభిమానాలతో, ఏ ప్రతిఫలమూ లేకుండా, ఎవరి ఒత్తిడీ లేకుండా నా హక్కును సోదరులకు వదులుకుంటున్నట్టు.

ఇక్కడ నన్ను పట్టుకున్న ప్రశ్న చట్టానికి సంబంధించింది కాదు. చట్టం స్పష్టంగానే ఉంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే హక్కు ఇచ్చిన మొదటి రాష్ట్రం మనదే. 1986లో చేసిన ఆ చట్టం 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలులోకి వచ్చింది. దాన్ని తెచ్చిన రామారావు అంతకు మూడేళ్ళ ముందు పాత షెవర్లే వ్యాను టాపు మీద నిలబడి ఊరూరా ఓట్లు అడిగినవాడే. బండి పైకెక్కి ఆడపడుచులారా అని పిలిచినందుకు ఆ ఒక్క మాట నిలబెట్టుకున్నాడని ఇప్పటికీ నా అభిప్రాయం. అయితే అప్పటికే పెళ్ళయిపోయిన కూతుళ్ళకు ఆ చట్టం వర్తించదు. నా పెళ్ళి 1983లో అయింది. 2005 కేంద్ర చట్టం ఆ గీత చెరిపేసింది. తండ్రి అప్పటికి బతికున్నాడా లేదా అన్న మిగిలిన సందేహాన్ని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్చింది. కాబట్టి సంతకం పెట్టకపోతే నా వాటా నాకు వస్తుంది. ఇది తెలిసే అన్నయ్య సంతకం అడుగుతున్నాడు.

నా ప్రశ్న వేరు. జ్ఞాపకాన్ని కాపాడటం ఒక బాధ్యతా, లేక ఆస్తికి బదులు మనకు అంటగట్టిన కూలిలేని కొలువా? 'నువ్వైతేనే బాగా చూసుకుంటావు' అన్న మాటలో పొగడ్త ఉంది. ఆ పొగడ్తను మనలో చాలామందిమి ఇష్టంగానే తీసుకుంటాం. ఇంటి పాత ఉత్తరాలు, ఫొటోలు, తద్దినాల తేదీలు, ఎవరి చెల్లెలు ఎవరి ఇంటి కోడలో అన్న లెక్కలు, ఇవన్నీ మన తలల్లోనే ఉంటాయి. ఈ పని చేయడంలో సంతోషం ఉంది, అబద్ధమాడను. అయితే ఒక ఇంట్లో జ్ఞాపకం ఒకరికీ, భూమి ఇంకొకరికీ పోతున్నప్పుడు ఆ జ్ఞాపకాన్ని ముట్టుకోవచ్చా? తీసుకుంటే బేరానికి ఒప్పుకున్నట్టు. వద్దంటే ఆ షెడ్డులోనే తుప్పుపట్టి, ఒకరోజు పాత ఇనుము కింద తూకానికి పోతుంది.

నేను కారు తీసుకున్నాను. దస్తావేజు మీద సంతకం పెట్టలేదు.

లారీ మీద ఎక్కించి కృష్ణ దాటించి విజయవాడ ఆటోనగర్ చేర్చాను. 1966లో మొదలైన ఆటోనగర్‌లో దొరకని పనివాడు లేడంటారు గాని, హెరాల్డు పని తెలిసినవాళ్ళు ఇప్పుడు మిగిలింది ఒకరిద్దరే. చక్రాలూడదీసి, బాడీ ఛాసీ నుంచి లేపి చూశారు. పక్క చేతులు తుప్పుకు పొడిపొడిగా రాలాయి. ఇంజను పట్టేసి ఉంది. వైర్లన్నీ ఎలుకలు తినేశాయి. మెకానిక్కు, డెబ్భై దాటిన మనిషి, నూనె చేతులు గుడ్డకు తుడుచుకుంటూ అడిగిన మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. "ఏ సంవత్సరం లాగా చెయ్యమంటారమ్మా?"

అన్నయ్య దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. 1965. రేకు టాపు మళ్ళీ వెల్డింగు చేయించి, కంపెనీ రంగు వేయించి, తాతయ్య కొన్న రోజు ఎలా ఉందో అలా. దానికి ఒక ఆచరణ లాభం కూడా చూపించాడు. 2021 జూలైలో కేంద్రం మోటారు వాహనాల నియమాలు సవరించి, యాభై ఏళ్ళు దాటిన బండ్లను 'వింటేజ్' కింద విడిగా రిజిస్టరు చేసే పద్ధతి పెట్టింది. నంబరులో వి.ఎ. అని అక్షరాలు వస్తాయి. షరతు ఏమిటంటే బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసీలోగాని బాడీలోగాని ఇంజనులోగాని పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. గుడ్డ టాపు పెద్ద మార్పే. అంటే ఆ ఇంట్లో ఆ కారు బతికిన బతుకంతా చెరిపేస్తేనే అది పాత కారుగా గుర్తింపు పొందుతుంది.

'అసలు' అన్న మాటను మనం స్త్రీవాదులం ఎప్పుడూ కొంచెం అనుమానంగానే చూశాం. అసలు సంప్రదాయం, అసలు కుటుంబం అన్నవాళ్ళు ఏ సంవత్సరం దగ్గర ఆగి అంటున్నారో అడగడం నేర్చుకున్నాం. బండి విషయంలోనూ అంతే. 1965 ఎవరికి అసలు?

నాయనమ్మ భోషాణం అడుగున దొరికిన ఒక అమ్మకం దస్తావేజు నకలు దీనికి కొంత జవాబు చెప్పింది. 1965 నాటిదే. పసుపుకుంకుమల కింద పుట్టింటివాళ్ళు నాయనమ్మకు రాసిచ్చిన ఎకరంన్నర మాగాణి, 'కుటుంబ అవసరాల నిమిత్తం' అమ్మినట్టు. కింద ఆమె వేలిముద్ర. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ప్రకారం అప్పటికే ఆ పొలానికి ఆమె పూర్తి హక్కుదారు. చట్టం ఇచ్చిన ఆ పూర్తి హక్కును ఆమె వాడుకున్న ఏకైక సందర్భం బహుశా అదే, ఆ బొటనవేలు సిరాలో ముంచడం. దస్తావేజు తేదీకీ కారు రసీదు తేదీకీ మధ్య పదకొండు రోజుల తేడా.

అంటే ఒక ఆడమనిషి భూమి ఒక మగవాడి కారయింది. అరవై ఏళ్ళ తర్వాత ఆ కారును ఇంకో ఆడమనిషికి భూమికి బదులుగా ఇస్తున్నారు. నేనింత తేటగా కట్టుకథ అల్లగలిగినదాన్నైతే కథలే రాసుకునేదాన్ని.

అయితే నా వాదనకు ఇక్కడే ఒక ఇబ్బంది ఎదురవుతుంది. దాన్ని దాటవేయడం ఇష్టం లేదు. ఆ కారు నాయనమ్మది అనగానే, నాయనమ్మ పొలం ఎవరిది అన్న ప్రశ్న వస్తుంది. మాగాణిలో నాట్లు వేసింది, ప్రత్తిపాడు చేలలో పత్తి తీసింది, కల్లంలో ఎర్రటి ఘాటులో కూర్చుని తాలుకాయలు ఏరింది పల్లె నుంచి వచ్చిన ఆడవాళ్ళు. వాళ్ళు ఆ బండి టాపు దించినప్పుడూ ఎక్కలేదు, ఎత్తినప్పుడూ ఎక్కలేదు. దానికి పెట్రోలు పోసింది మాత్రం వాళ్ళ కూలికీ మిర్చి యార్డులో పలికిన ధరకూ మధ్య ఉన్న తేడాయే. మంగళగిరిలో పెరిగినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. గుంట మగ్గంలో కాళ్ళు పెట్టి కూర్చున్న మగవాడిని నేతగాడంటాం. ఆ పక్కనే నూలు తోడి, కండెలు చుట్టి అందించే ఆమెను సాయం చేస్తోందంటాం. చీర మీద ఆమె పేరు ఉండదు. అందుకని నేను కారును నాయనమ్మకు 'తిరిగి' ఇచ్చేస్తున్నానని చెప్పుకుంటే, ఒక పేరు తుడిచి ఇంకో పేరు రాసి, కింద ఉన్న చాలా పేర్లను మళ్ళీ కప్పేసినట్టే అవుతుంది.

బండి అంటే ఏమిటి అన్నది మన నేలకు పాత ప్రశ్నే. గ్రీకు రాజు మిలిందుడు రథమెక్కి వస్తే నాగసేనుడు అడుగుతాడు: ఇరుసు రథమా, చక్రాలు రథమా, నొగ రథమా? ఏదీ కాదు. ఇవన్నీ కలిసినప్పుడు మనం వాడుకునే పేరు మాత్రమే రథం. గ్రీకుల్లో థీసియస్ ఓడ గురించి ప్లూటార్కు రాసిన చిక్కు కూడా ఇలాంటిదే: పలకలన్నీ ఒక్కొక్కటిగా మార్చేస్తే అది అదే ఓడా? తత్వశాస్త్రం పాఠాల్లో ఈ రెండూ చెబుతారు. చెప్పనిది ఒకటుంది. నాగసేనుడు ఆ పోలిక తన సొంతమని అనలేదు. వజిర అనే భిక్షుణి చెప్పిందని ఆమె పేరు పెట్టి మరీ చెబుతాడు. ఒంటరిగా చెట్టు కింద కూర్చున్న వజిరను భయపెట్టడానికి మారుడు వచ్చి, ఈ ప్రాణిని ఎవరు చేశారు, ఎక్కడినుంచి వచ్చింది అని అడిగితే ఆమె ఇచ్చిన జవాబు అది. సంయుత్త నికాయలో ఉంది. నాగసేనుడు రుణం ఒప్పుకున్నాడు. తర్వాత పాఠాలు చెప్పినవాళ్ళే ఒప్పుకోలేదు. రథం నాగసేనుడిదైపోయింది.

వజిర మాటను ఆటోనగర్‌లో నిలబడి ఆలోచిస్తే నాకు ఒక మెట్టు అదనంగా కావాలనిపించింది. భాగాలు కలిస్తే పేరు వస్తుంది, సరే. ఆ పేరు ఎవరు పెడతారు? 'తాతయ్య కారు' అన్న పేరులో చక్రాలున్నాయి, ఇంజనుంది, తాతయ్య కండువా ఉంది. ఎకరంన్నర లేదు. ఎత్తిన టాపు లేదు. తాలుకాయలు లేవు. కారు పేరు మాత్రమే అయినప్పుడు, పేరులో చేరనివి కారులోనూ లేకుండా పోతాయి. మా ఊరికి దగ్గరలోనే అమరావతి స్తూపం ఉంది. అక్కడి పలకలు కొన్ని లండన్‌లో, కొన్ని చెన్నైలో ఉన్నాయి. వాటిమీది దాన శాసనాలు చదివితే ఎంతమంది ఆడవాళ్ళ పేర్లో! భిక్షుణులు, ఉపాసికలు, కూతుళ్ళతో కలిసి తల్లులు, అక్కచెల్లెళ్ళు. రాయి ఇచ్చినవాళ్ళు రాయి మీద ఉన్నారు. రెండువేల ఏళ్ళనాడు సున్నపురాతి పలక మీద పట్టిన పేరు ఇరవయ్యో శతాబ్దంలో ఆర్సీ పుస్తకంలో పట్టలేదు.

ఏ సంవత్సరం అన్న ప్రశ్నకు చివరికి మా మేనత్తను అడిగాను. ఆమెకు ఇప్పుడు డెబ్భై ఏడు. 1967లో ఆమెను తెనాలి అవతల ఒక ఊరికి అప్పగింతలు పెట్టింది ఈ కారులోనే. పూలు కట్టి, టాపు ఎత్తి. ఆ ఫొటో మా అందరి ఇళ్ళలో ఉంది. 1971లో ఆమె తిరిగి వచ్చింది కూడా ఇందులోనే. దానికి ఫొటో లేదు. కబురు ఎలా అందిందో నాయనమ్మ ఎవరికీ చెప్పలేదు. తాతయ్య పొగాకు అమ్మకానికి వెళ్ళి ఊళ్ళో లేని రాత్రి డ్రైవరును లేపి పంపింది. పిల్లను తీసుకురా, తలుపు తీయకపోతే హారను కొడుతూ నిలబడు, వాళ్ళే పంపుతారు అని చెప్పిందట. తెల్లారకముందే మేనత్త, రెండేళ్ళ పిల్లాడు మా వసారాలో ఉన్నారు. ఆమె కుడిచేయి కట్టు కట్టి ఉంది. నాకప్పుడు పదకొండేళ్ళు. తాతయ్య వచ్చాక నెలరోజులు నాయనమ్మతో మాట్లాడలేదు. డ్రైవరును పనిలోంచి తీసేశాడు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ కారు కథల్లో చెప్పరు.

మేనత్త షెడ్డు ఫొటోలు, ఆటోనగర్ ఫొటోలు అన్నీ చూసింది. "ఏమే అమ్మాయ్, వెనక సీటు ఉందా?" అంది. ఉందన్నాను. ఎడమవైపు కుట్టు ఊడి కొబ్బరిపీచు బయటపడ్డ సీటు. "ఆ రాత్రి వాడు ఏడవకుండా ఆ కుట్టులో వేలు పెట్టుకుని ఆడాడు. నేనూ ఊరొచ్చేదాకా అక్కడే పీకుతూ కూర్చున్నా" అంది. అంతే. తర్వాత టీవీ పెట్టమంది.

అలా సంవత్సరం తేలింది. మరమ్మతులో ఏది మార్చాలి, ఏది ఉంచాలి అన్నదానికి ఇప్పుడు నా దగ్గర ఒక లెక్క ఉంది. అది అందరికీ పనికొస్తుందని అనను. మనుషుల ప్రాణాలకు సంబంధించినవన్నీ కొత్తవి: బ్రేకులు, వైర్లు, టైర్లు, పెట్రోలు పైపులు. ఇంజను విప్పి, అరిగినవి లేతు మీద చేయించాం. ఛాసీకి కొత్త ఇనుము వేశాం, దాచకుండా, అతుకు కనిపించేలా. రేకు టాపు వేయడం లేదు. వి.ఎ. నంబరు రాకపోతే పోయింది. ఈమధ్య మెకానిక్కు ముందు కూర్చోబెట్టి, షెడ్డు ముందు ఖాళీలో స్టీరింగు పూర్తిగా తిప్పి చూపించాడు. ఇరవై అయిదు అడుగుల వెడల్పులో బండి మొత్తం వెనక్కి తిరిగిపోయింది. హెరాల్డుకు ఆ పేరు మొదటినుంచీ ఉందట. మా ఇంటి ఆడవాళ్ళెవరికీ తెలియదు, స్టీరింగు పట్టుకున్నవాళ్ళు లేరు కాబట్టి.

గుడ్డ టాపు కొత్తది కుడుతున్నారు. దించడానికీ ఎత్తడానికీ కమ్మీలకు కొత్త బుష్షులు వేయించాను, ఒక మనిషి, అదీ మోకాళ్ళ నొప్పులున్న మనిషి, తనంతట తాను చేయగలిగేలా. సీట్లు కుట్టే కుర్రాడికి మాత్రం నామీద కోపంగా ఉంది. ముందు సీట్లు కొత్తవి కుట్టి, వెనకది అలాగే వదిలేస్తే చూసినవాళ్ళు తన పని చేతకాదనుకుంటారని. ఆ ఊడిన చోట ఇంకా ఊడకుండా చుట్టూ ఒక వరస కుట్టు వేయడానికి ఒప్పించాను. దానికీ డబ్బు ఎక్కువే తీసుకున్నాడు. ఆ రాత్రి బండి నడిపిన డ్రైవరు కుటుంబం గురించి పల్లెలో కనుక్కుంటున్నాను. ఆయన లేడు, కూతురు గుంటూరులో ఉందన్నారు. ఆమెకు ఏమని చెప్పాలో, ఏమిస్తే సరిపోతుందో ఇంకా తేలలేదు. గుర్తు ఇస్తానని మాత్రం అనను.

ఇక మిగిలింది కాగితం. ఆర్సీలో ఇప్పటికీ తాతయ్య పేరే ఉంది. నాన్న మార్పించలేదు. మగవాళ్ళ మధ్య అవసరం రాలేదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం యజమాని చనిపోతే బండి స్వాధీనానికి వారసుడైన వ్యక్తి ఫారం 31 పెట్టుకోవాలి. ఆ ఫారంలో 'స్వాధీనం' అన్న మాట నాకు నచ్చింది. నింపి తీసుకెళితే, మిగతా వారసులకు అభ్యంతరం లేదని వాళ్ళ సంతకాలతో కాగితం తెమ్మన్నారు.

అన్నయ్యకు రాశాను. మర్నాడే జవాబు వచ్చింది. ముందు ఆ దస్తావేజు సంగతి తేల్చు, కారు కాగితం తర్వాత చూద్దామని.

నేనింకా తిరుగు జవాబు రాయలేదు. ఈ వారం కార్బరేటరు కడిగి బిగించారు. ఇంజను మూడుసార్లు దగ్గి, నాలుగోసారి అందుకుంది.